మైలుతుత్తం వేసిన నీళ్లు: ఆస్ట్రేలియాలో నాచు నివారణ చరిత్ర

ఇంట్లో గాజుతొట్టె పెట్టి, అందులో చేపలతో పాటు నీటిమొక్కలు పెంచేవారికి ఏదో ఒకనాడు నాచు బెడద తప్పదు. మొదట గాజు మీద ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తాయి. తరువాత ఆకుల అంచులకు నూలుపోగుల వంటి తీగలు వేలాడతాయి. ఆ పైన ఇసుక మీద దుప్పటిలా పరుచుకొనే, చెడువాసన వేసే నీలాకుపచ్చ జిగురుపొర వస్తుంది. చేతితో తీసివేసిన మూడో రోజుకే అది తిరిగి ప్రత్యక్షమవుతుంది. విసిగిపోయిన మనిషి చివరకు దుకాణానికి వెళ్లి నాచును చంపే మందు సీసా ఒకటి కొంటాడు. అటువంటి మందులలో ఎంతోకాలంగా వాడుకలో ఉన్నది రాగి లవణం. తెలుగు రైతుకు అది మైలుతుత్తంగా చిరపరిచితం. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తోటల్లో పిచికారీ చేసేది దానినే.

తొట్టెలో చేసే ఈ పనినే ఆస్ట్రేలియా దేశం ఒకప్పుడు తన మంచినీటి జలాశయాలలో చేసింది. అక్కడి నీటి ఇంజనీర్లకు అది మామూలు వ్యవహారం. అయితే 1979 నవంబరులో ఒక చిన్న దీవి మీద ఆ మామూలు వ్యవహారం వందకు పైగా పిల్లలను ఆస్పత్రి పాలు చేసింది. ఆ సంఘటన వైద్యులకూ, వృక్షశాస్త్రజ్ఞులకూ, నీటి సరఫరా అధికారులకూ ఒకే ప్రశ్నను మిగిల్చింది. నాచు చచ్చిపోయిన తరువాత, దాని కణాలలో అంతవరకూ దాగి ఉన్నది ఎక్కడికి పోతుంది? ఆ ప్రశ్నకు జవాబు వెదికిన చరిత్రలో హైదరాబాదు చెరువులకు కూడా చిన్న స్థానం ఉంది.

విషపు సరస్సు

నాచు నీటిని విషమయం చేయగలదన్న శాస్త్రీయ నివేదికలలో మొట్టమొదటివాటిలో ఒకటి ఆస్ట్రేలియా నుంచే వెలువడింది. దక్షిణ ఆస్ట్రేలియాలో మర్రే నది సముద్రంలో కలిసే ముందు అలెగ్జాండ్రినా అనే విశాలమైన సరస్సుగా విస్తరిస్తుంది. 1878 మే 2వ తేదీ నాటి ‘నేచర్’ పత్రికలో అడిలైడ్ నగరానికి చెందిన జార్జ్ ఫ్రాన్సిస్ అనే రసాయనవేత్త ఈ సరస్సు గురించి ఒక లేఖ ప్రచురించాడు. నీటిమట్టం తగ్గి, ప్రవాహం మందగించి, నీరు బాగా వేడెక్కిన ఆ సంవత్సరం, సరస్సు మీద ఆకుపచ్చ రంగు పూసినట్లు చిక్కని తెట్టు కట్టింది. గాలి దానిని ఒక ఒడ్డుకు నెట్టింది. అక్కడ అంగుళాల మందాన పేరుకొన్న ఆ తెట్టుతో కూడిన నీటిని తాగిన గొర్రెలు, గుర్రాలు, కుక్కలు, పందులు కొద్ది గంటలలోనే చనిపోయాయి.

ఫ్రాన్సిస్ విని రాసినవాడు కాడు, పరీక్షించి రాసినవాడు. ఒడ్డున సేకరించిన నాచును ఒక గొర్రెకు పట్టించి, అది చనిపోయేవరకు లక్షణాలను గమనించి, తరువాత శవపరీక్ష చేశాడు. మగతగా పడి ఉండడం, తాకితే ఈడ్పులు రావడం, మెడ వెనక్కు బిగుసుకుపోవడం అతడు నమోదు చేసిన లక్షణాలు. ఆ నాచును అతడు నాడ్యులేరియా స్ప్యూమిజెనాగా గుర్తించాడు. దానిలోని విషం కాలేయకణాలను దెబ్బతీసే ఒక చిన్న పెప్టైడ్ అనీ, దాని నిర్మాణం ఇదనీ తేలడానికి మరో 110 ఏళ్లు పట్టింది.

ఇక్కడ ఒక మాట అవసరం. నీలాకుపచ్చ నాచు అని పిలిచే ఈ జీవులు నిజానికి నాచు జాతికి చెందినవి కావు. కేంద్రకం లేని కణాలు గల ఇవి బాక్టీరియాలు. శాస్త్రవేత్తలు సయనోబాక్టీరియా అంటారు. మొక్కల వలె సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకొంటాయి కనుక వాటిని చాలాకాలం వృక్షశాస్త్రజ్ఞులే చదివారు. వీటిలో కొన్ని గాలిలోని నత్రజనిని నేరుగా వాడుకోగలవు. అందువల్ల నీటిలో నత్రజని లేకపోయినా, భాస్వరం దొరికితే చాలు, పెరుగుతాయి. గాజుతొట్టెలో ఇసుకను కప్పే ఆ జిగురుపొర కూడా ఈ కోవలోనిదే.

ఫ్రాన్సిస్ లేఖ పశువుల గురించినది. మనుషుల మాట ఏమిటి? పందొమ్మిదో శతాబ్దంలో క్వీన్స్‌లాండ్ లోపలి ప్రాంతాలకు వెళ్లిన పశుపాలకులు, కూలీలు ‘బార్కూ’ జబ్బు అని ఒకదానిని చెప్పుకొనేవారు. బార్కూ ఆ ప్రాంతపు నది పేరు. అన్నం చూస్తేనే వాంతి రావడం, ఒళ్లు నొప్పులు, జ్వరం, మలబద్ధకం దాని లక్షణాలు. తరువాతి కాలంలో ఆ జబ్బు కనుమరుగైంది. జాన్ హేమన్ అనే వైద్యుడు 1992లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో ఈ పాత వర్ణనలను తిరిగి చదివి, అది నిలవనీటి సయనోబాక్టీరియా వల్ల కలిగిన విషప్రభావం కావచ్చునని ప్రతిపాదించాడు. ఎండిన ఏటిలో చెలమ తవ్వి, ఇసుకలో ఊరిన నీటిని తాగడం ఆ నేల మీది ఆదివాసులకు తరతరాలుగా తెలిసిన పద్ధతి. ఇసుక నాచు కణాలను వడకడుతుంది. రాయలసీమ ఏళ్లలో చెలమలు తోడుకొన్నవారికి ఈ విద్యను వివరించనవసరం లేదు.

రాగి మందు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నగరాలు పెద్ద జలాశయాలు కట్టుకొన్నాయి. నిలవ ఉన్న నీటిలో నాచు పెరిగి, నీటికి మట్టివాసన, చేపవాసన పట్టేవి. 1904లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన జార్జ్ మూర్, కార్ల్ కెల్లర్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అతి స్వల్ప మోతాదులో మైలుతుత్తం కలిపితే నాచు నశిస్తుందని చూపే నివేదిక వెలువరించారు. గోనెసంచిలో మైలుతుత్తం గడ్డలు నింపి, పడవకు కట్టి, జలాశయంలో అటూ ఇటూ తిప్పితే సరిపోయేది. ఖర్చు తక్కువ, ఫలితం శీఘ్రం. నాలుగైదు రోజులలో నీటి రంగు మారేది. ఆ పద్ధతి కొద్దికాలంలోనే దేశదేశాలకు పాకింది. ఆస్ట్రేలియా కూడా దానిని స్వీకరించింది.

ఈ పద్ధతిలోని సౌలభ్యమే దాని లోపాన్ని చాలాకాలం కప్పిపుచ్చింది. రాగి నాచుకణపు పొరను దెబ్బతీస్తుంది. కణం పగిలి లోపలిదంతా నీటిలోకి వస్తుంది. కంటికి ఆకుపచ్చ రంగు పోయింది కనుక నీరు బాగుపడిందనిపిస్తుంది. కాని కరిగిన పదార్థానికి రంగు లేదు. ఇసుక వడపోత దానిని ఆపలేదు. నాచు ఉన్న నీటి కంటె నాచు చచ్చిన నీరే ఎక్కువ ప్రమాదకరం కావచ్చునన్న ఆలోచన అప్పటి నీటి ఇంజనీర్లకు తట్టడానికి కారణం కూడా లేదు. వారికి నాచు అంటే వాసన, రంగు, అంతే.

పామ్ దీవి

క్వీన్స్‌లాండ్ తీరాన, టౌన్స్‌విల్ నగరానికి వాయవ్యంగా సుమారు 65 కిలోమీటర్ల దూరంలో పామ్ దీవి ఉంది. మన్‌బారా ప్రజలది ఆ నేల. 1918 మార్చిలో ప్రధాన భూభాగం మీది హల్ నది ఆదివాసీ శిబిరం తుపానులో ధ్వంసమైనప్పుడు, అక్కడివారిని ప్రభుత్వం ఈ దీవికి తరలించింది. తరువాతి దశాబ్దాలలో రాష్ట్రం నలుమూలల నుంచి, వేర్వేరు భాషలు మాట్లాడే ఆదివాసులను, ఎదురు తిరిగిన వారన్న ముద్రతో అనేకులను, ఇక్కడికి పంపారు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి వసతిగృహాలలో ఉంచారు. 1957లో దీవి వాసులు తమ బతుకుల మీది ఆంక్షలకు వ్యతిరేకంగా సమ్మె చేస్తే, దానికి నాయకత్వం వహించిన వారిని కుటుంబాలతో సహా దీవి నుంచి పంపివేశారు. 1979 నాటికి కూడా దీవి పాలన ఇంకా క్వీన్స్‌లాండ్ ప్రభుత్వ శాఖ చేతిలోనే ఉంది. తాగే నీరు ఎక్కడి నుంచి రావాలో, అందులో ఏమి కలపాలో నిర్ణయించే అధికారం ఆ నీరు తాగే వారికి లేదు. ఈ నేపథ్యం తెలియకుండా తరువాత జరిగినదానిని కేవలం నీటి ఇంజనీరింగ్ పొరపాటుగా చదవడం సరికాదు.

దీవికి ప్రధానమైన నీటి వనరు సాలమన్ జలాశయం. 1979లో అందులో నాచు దట్టంగా పెరిగింది. నీటి రుచి, వాసన బాగాలేవని ఫిర్యాదులు వచ్చాయి. అలవాటైన మందే వేశారు: జలాశయంలో మైలుతుత్తం కలిపారు. కొద్ది రోజులలో పిల్లలు జబ్బుపడడం మొదలైంది.

మొదట వాంతులు, తలనొప్పి, కడుపునొప్పి. కాలేయం ఉబ్బి, నొక్కితే నొప్పి. ఆ దశలో విరేచనాలు లేవు, పైగా మలబద్ధకం. తరువాత ఒకటి రెండు రోజులు మందకొడితనం. ఆ పైన నెత్తుటి విరేచనాలు. మూత్రంలో చక్కెర, మాంసకృత్తులు, కీటోనులు పోతున్నాయి. రక్తంలో లవణాల సమతూకం తప్పింది. అంటే కాలేయంతో పాటు మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి. సాధారణ అతిసారం ఈ వరుసలో రాదు. కామెర్ల వైరస్ ఇంత త్వరగా, ఇందరికి ఒక్కసారి, ఇటువంటి మూత్రపిండ లక్షణాలతో రాదు. మొత్తం 148 మంది జబ్బుపడ్డారు, వారిలో అత్యధికులు పిల్లలు. మూడింట రెండు వంతుల మందికి పైగా సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. చికిత్స ఫలించి అందరూ బతికారు. కారణమైన సూక్ష్మజీవి ఏదీ దొరకలేదు. 1980లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో ఎస్. బిత్ ప్రచురించిన నివేదిక ఆ వ్యాధిని అంతుచిక్కనిదిగానే పేర్కొంది. ‘పామ్ దీవి మిస్టరీ వ్యాధి’ అన్న పేరు అలాగే నిలిచిపోయింది.

మందులలో కాదు, చిరునామాలలో

ఈ చిక్కుముడిని విప్పడానికి మొదటి ఆధారం ఆస్పత్రి పరీక్షలలో దొరకలేదు. ఇళ్ల చిరునామాలలో దొరికింది. ఎ. బోర్క్, అతని సహచరులు రోగుల ఇళ్లకు నీరు ఎక్కడి నుంచి వస్తుందో విచారించారు. సాలమన్ జలాశయపు నీరు వచ్చే ఇళ్లలోనే జబ్బు ఉంది. వేరే నీటి వనరు ఉన్నవారికి రాలేదు. లండన్‌లో 1854లో జాన్ స్నో కలరా రోగుల ఇళ్లను వీధి పంపుతో జతపరచి చూసిన పద్ధతే ఇది. మైలుతుత్తం వేసిన తేదీని, మొదటి రోగి చేరిన తేదీని పక్కపక్కన పెట్టగానే అనుమానం బలపడింది. నాచు విషమే దీనికి కారణం కావచ్చునని ఈ బృందం 1983లో రాసింది.

అయితే ఏ నాచు? తెట్టు కట్టే జాతులే విషపూరితమని అప్పటి నమ్మకం. సాలమన్ జలాశయపు నీటి నుంచి పీటర్ హాకిన్స్, మరియా రన్నెగర్, ఎ. జాక్సన్, ఇయాన్ ఫాల్కనర్ ఒక సన్నని పోగు వంటి సయనోబాక్టీరియాను వేరుచేసి ప్రయోగశాలలో పెంచారు. దానిని ఎలుకలకు ఇచ్చినప్పుడు ముందుగా కాలేయం, దానితో పాటు మూత్రపిండాలు, పేగులు దెబ్బతిన్నాయి. పామ్ దీవి పిల్లలలో కనిపించిన చిత్రం దాదాపు అదే. 1985లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఈ జాతి నీటి మీద తేలే తెట్టు కట్టదు. పైపొరకు దిగువన పెరుగుతుంది. ఒడ్డున నిలబడి చూసే కంటికి అది దొరకదు. 1992లో దాని విషపు రసాయన నిర్మాణం తెలిసింది. దానికి సిలిండ్రోస్పెర్మాప్సిన్ అని పేరు పెట్టారు. అది కణంలో మాంసకృత్తుల తయారీని ఆపివేస్తుంది.

విషానికి ఆ పేరు జీవి పేరు నుంచి వచ్చింది. 1985 నాటి పరిశోధనపత్రపు శీర్షికలో ఆ జీవి పేరు సిలిండ్రోస్పెర్మాప్సిస్ రచిబోర్‌స్కీ. శాస్త్ర సంప్రదాయం ప్రకారం పేరు పక్కన దానిని పెట్టినవారి పేర్లు ఉంటాయి. అక్కడ మూడు పేర్లున్నాయి: వొలోషిన్‌స్కా, శీనయ్య, సుబ్బరాజు. 1912లో పోలండ్ శాస్త్రవేత్త యాద్విగా వొలోషిన్‌స్కా జావా దీవి నీటి నుంచి ఈ జాతిని మొదట వర్ణించి, జావాలో పనిచేసిన తన దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు రచిబోర్‌స్కీ పేరు దానికి పెట్టింది. అప్పుడు దానిని అనబీనా అనే ప్రజాతిలో చేర్చారు, తరువాత అనబీనాప్సిస్‌లోకి మార్చారు. 

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జి. శీనయ్య హైదరాబాదు పరిసరాల చెరువులలోని ప్లవకాల మీద సుదీర్ఘంగా పరిశోధన చేసి, 1970ల ఆరంభంలో ‘హైడ్రోబయాలజియా’ పత్రికలో వరుస వ్యాసాలు ప్రచురించాడు. అతడూ ఎన్. సుబ్బరాజూ కలిసి ఈ జాతిని మళ్లీ పరిశీలించారు. నత్రజనిని పట్టే ప్రత్యేక కణాలు అనబీనాప్సిస్‌లో పోగు మధ్యలో జంటగా ఏర్పడతాయి. ఇందులో పోగు చివరలనే, నీటిబొట్టు ఆకారంలో ఏర్పడతాయి. ఈ తేడా కొత్త ప్రజాతిని నెలకొల్పడానికి తగినదని వారు వాదించారు. ఆ వ్యాసం 1972లో మద్రాసు విశ్వవిద్యాలయం ప్రచురించిన, టి. వి. దేశికాచారి సంపాదకత్వంలోని నీలాకుపచ్చ శైవలాల సదస్సు సంపుటంలో వచ్చింది. పామ్ దీవి సంఘటనకు ఏడేళ్ల ముందు, విషం మాట ఎవరూ ఎత్తని కాలంలో, సూక్ష్మదర్శిని కింద పోగు చివరలను గమనించిన ఆ పని వల్లనే ఆస్ట్రేలియా పరిశోధకులకు తమకు దొరికిన జీవిని సందేహం లేకుండా పిలుచుకొనే పేరు లభించింది. 2018లో జన్యు ఆధారాలతో ఈ ప్రజాతిని రాఫిడియాప్సిస్‌లో కలిపివేశారు. విషం పేరులో మాత్రం పాత పేరు మిగిలి ఉంది.

ఒక అభ్యంతరం

ఈ కథ ఇంత తేలికగా ముగియలేదు. 1987లో పాల్ ప్రొసివ్ అనే వైద్య పరిశోధకుడు అదే వైద్య పత్రికలో ఒక ప్రశ్న లేవదీశాడు. ఇది నాచు విషమా, లేక రాగి విషమా? అతని సందేహం తోసిపుచ్చదగినది కాదు. మైలుతుత్తం మింగిన రోగులను చూసిన భారతీయ వైద్యులకు ఆ చిత్రం తెలుసు: వాంతులు, కడుపునొప్పి, నెత్తుటి విరేచనాలు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినడం. పామ్ దీవి జాబితాతో పోల్చితే చాలా లక్షణాలు కలుస్తాయి. పైగా ఎలుకల మీద ప్రయోగించిన పోగులు తరువాత సేకరించి పెంచినవి. 1979 నవంబరులో పిల్లలు తాగిన నీటిలో ఎంత విషం ఉన్నదో కొలిచినవారు లేరు. నేడు అధిక సంఖ్యాకులైన పరిశోధకులు నాచు విషం వైపే మొగ్గుతున్నా, ఆధారాలు పరిస్థితులను బట్టి కూర్చినవన్న సంగతిని ఎవరూ కాదనలేరు.

కాని రెండు వాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. నాచు విషమైనా, రాగి విషమైనా, పిల్లలు జబ్బుపడినది నాచు పెరిగినప్పుడు కాదు, నాచుకు మందు వేసిన తరువాత. వాదం మందు ఎలా హాని చేసిందన్న దాని గురించే గాని, చేసిందా లేదా అన్న దాని గురించి కాదు. 

ఈ అనుమానాన్ని మరో ఊరు బలపరచింది. న్యూ సౌత్ వేల్స్‌లోని ఆర్మిడేల్ పట్టణానికి మాల్పస్ జలాశయం నుంచి నీరు వస్తుంది. 1981లో అందులో మైక్రోసిస్టిస్ అనే విషపూరిత సయనోబాక్టీరియా దట్టంగా పెరిగితే, మైలుతుత్తం వేశారు. అక్కడి న్యూ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఫాల్కనర్ బృందం ఒక చక్కని ఉపాయం ఆలోచించింది. ఆస్పత్రిలో ఏవేవో కారణాలకు అప్పటికే చేసి ఉన్న కాలేయ పరీక్షల ఫలితాలను తీసి, మాల్పస్ నీరు తాగేవారినీ, పరిసరాలలో వేరే నీరు తాగేవారినీ పోల్చింది. నాచు పెరిగి మందు వేసిన కాలంలో మాల్పస్ నీరు తాగినవారిలో గామా గ్లూటమైల్ ట్రాన్స్‌ఫెరేజ్ అనే కాలేయ ఎంజైము పెరిగింది, మిగిలినవారిలో పెరగలేదు. ఎవరూ జబ్బుపడలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. రక్తం మాత్రం సాక్ష్యం చెప్పింది.

1994లో గ్యారీ జోన్స్, ఫిలిప్ ఓర్ మరో సంగతి కొలిచి చూపారు. మైక్రోసిస్టిస్ నిండిన ఒక సరస్సులో మందు వేసిన తరువాత, కణాల నుంచి వెలువడిన విషం తొమ్మిది రోజుల పాటు నీటిలో దాదాపు తగ్గకుండా నిలిచింది. ఆ తరువాతనే నీటిలోని ఇతర బాక్టీరియాలు దానిని విచ్ఛిన్నం చేయసాగాయి. నీరు తేటపడిన రోజు వేరు, నీరు తాగదగిన రోజు వేరు. 1996లో బ్రెజిల్ దేశపు కరువారు నగరంలో సయనోబాక్టీరియా విషం కలిసిన నీటితో డయాలిసిస్ చేయించుకొన్న రోగులలో 50 మందికి పైగా మరణించడంతో ప్రపంచం ఈ పాఠాన్ని గట్టిగా గుర్తించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో మైక్రోసిస్టిన్‌కు లీటరుకు 1 మైక్రోగ్రాము, 2020లో సిలిండ్రోస్పెర్మాప్సిన్‌కు 0.7 మైక్రోగ్రాముల చొప్పున తాత్కాలిక పరిమితులు సూచించింది.

చంపడం కాదు, అదుపు

మరి నాచును ఏమి చేయాలి? ఆస్ట్రేలియా దీనికి రెండు దశలలో జవాబు నేర్చుకొంది. 

మొదటిది నీటిశుద్ధిలో. కణాన్ని పగలగొట్టే ముందే, చెక్కుచెదరకుండా తొలగించాలి. పటిక వేసి, కణాలను గడ్డలుగా పేర్చి, అడుగుకు దించి, వడకట్టి, క్లోరిన్ ఆ తరువాతనే కలపాలి. కరిగి మిగిలిన విషాన్ని బొగ్గుపొడి పీల్చుకొంటుంది. తెలుగు పల్లెలలో బురదనీటి కుండ లోపల చిల్లగింజను అరగదీసి నీటిని తేర్చే అలవాటు వెనుక ఉన్న సూత్రం ఇదే: నీటిలో ఉన్నదానిని నీటిలోనే చంపకుండా, పేర్చి పక్కకు తీయడం.

రెండవది నీరు పుట్టే చోట. 1991 చివరలో బార్వన్, డార్లింగ్ నదుల వెంట సుమారు 1000 కిలోమీటర్ల మేర నీరు ఆకుపచ్చగా మారింది. అనబీనా జాతి సయనోబాక్టీరియా వల్ల పశువులు చనిపోయాయి; న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. వెయ్యి కిలోమీటర్ల నదికి మైలుతుత్తం సంచి కట్టిన పడవ ఏ మూలకూ చాలదు. అప్పుడు ప్రశ్న మారింది. ఈ నాచును దేనితో చంపాలి అని కాక, ఇది ఇక్కడ ఎందుకు పెరిగింది అని అడగడం మొదలైంది. తగ్గిన ప్రవాహం, వేడి, కదలిక లేక పొరలు పొరలుగా నిలిచిన నీరు, పొలాల నుంచీ పట్టణాల నుంచీ చేరిన భాస్వరం. 1878లో ఫ్రాన్సిస్ అలెగ్జాండ్రినా ఒడ్డున చూసిన పరిస్థితులు కూడా చాలావరకు ఇవే.

పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ నగరానికి దక్షిణాన ఉన్న పీల్–హార్వే ఉప్పుటేరు ఈ ఆలోచనకు పరీక్షాస్థలమైంది. ఆ తీరపు ఇసుకనేలలు భాస్వరాన్ని పట్టి ఉంచలేవు. రైతులు వేసిన సూపర్‌ఫాస్ఫేటు వానలకు కొట్టుకొని కాలువల ద్వారా ఏటిలో చేరింది. మొదట క్లాడోఫోరా అనే పీచునాచు ఒడ్డున గుట్టలుగా కుళ్లింది. అక్వేరియం పెంచేవారిని ఏడిపించే పీచునాచులలో ఒకటి ఈ క్లాడోఫోరా ప్రజాతిదే. యంత్రాలతో ఎత్తిపోసినా అది తరగలేదు. 1970ల చివర నుంచి నాడ్యులేరియా విజృంభించింది. చివరకు ఎరువుల వాడకాన్ని తగ్గించే ప్రయత్నంతో పాటు, సముద్రానికి కొత్త దారి తవ్వారు. సుమారు రెండున్నర కిలోమీటర్ల డాస్‌విల్ కాలువ 1994లో తెరుచుకొంది. ఆటుపోట్ల ఉప్పునీరు లోపలికి రావడంతో, ఉప్పు ఎక్కువైతే మొలకెత్తలేని నాడ్యులేరియా ఆ ఉప్పుటేటిలో తగ్గిపోయింది. పరిష్కారం సంపూర్ణం కాలేదు. ఏటిలో కలిసే నదుల దిగువ భాగాలలో నాచు సమస్య మిగిలింది, పెరిగిన ఆటుపోట్లు దోమలకు కొత్త తావులు కల్పించాయి. అయినా ఇక్కడ జరిగినది మందు వేయడం కాదు, నాచుకు అనుకూలమైన పరిస్థితిని మార్చడం.

మళ్లీ గాజుతొట్టె దగ్గరకు

ఇంటి తొట్టెకు ఈ చరిత్రతో పోలిక చిన్నదేమీ కాదు. తొట్టె కూడా ప్రవాహం లేని జలాశయమే. చేపలకు వేసిన ఎక్కువ మేత అక్కడి సూపర్‌ఫాస్ఫేటు. రోజుకు పన్నెండు గంటలు వెలిగే దీపం అక్కడి వేసవి. రాగి మందు పోస్తే నాచుతో పాటు రొయ్యలు, నత్తలు కూడా చస్తాయి. ఒక్కసారిగా చచ్చిన నాచు కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది, అమ్మోనియాను పెంచుతుంది. మర్నాడు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. కుళ్లిన నాచు విడిచిన పోషకాలతో కొత్త నాచు పుడుతుంది. నీలాకుపచ్చ జిగురుపొర బాక్టీరియా కనుక ఎరిత్రోమైసిన్ వేసే అలవాటు కొన్ని దేశాలలో ఉంది. మనుషుల ఊపిరితిత్తులకు పనికివచ్చే మందును ఇసుక మీది పొరకు ఖర్చు చేయడం వైద్యదృష్టితో సమర్థనీయం కాదు. ఆస్ట్రేలియాలో ఆ మందు వైద్యుని చీటీ లేనిదే దొరకదు.

సరైన వరుస జలాశయపు వరుసే. ముందుగా జిగురుపొరను చిదపకుండా సన్నని గొట్టంతో పీల్చి, పీల్చిన నీటితో సహా బయట పారబోయాలి. ఆ నీరు వాగులో కలవకుండా చూడాలి. తరువాత దీపం ఆరేడు గంటలకు తగ్గించాలి, మేత తగ్గించాలి, వారానికి ఒకసారి కొంత నీరు మార్చాలి, నీరు మూలమూలలా కదిలేటట్లు చూడాలి. త్వరగా పెరిగే మొక్కలను దండిగా నాటాలి. నాచు తినవలసినదానిని మొక్క ముందే తినివేస్తే, నాచుకు తావు ఉండదు. ఫలితం మూడు రోజులలో కనిపించదు. మూడు వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. గాజుతొట్టె యజమానికి ఈ ఓపిక వినోదంలో భాగం.

పామ్ దీవి పిల్లలకు అటువంటి వెసులుబాటు లేదు. వారు తాగిన నీటిని ఎంచుకొన్నది వారు కాదు, అందులో మందు వేసినవారూ వారు కాదు. సాలమన్ జలాశయం నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితుల దాకా నడిచిన విజ్ఞానం వారి జబ్బుతోనే మొదలైంది. ఆ నలభయ్యేళ్ల విజ్ఞానం చెప్పేది ఇంతే: నీటి రంగు మారినంత మాత్రాన నీరు బాగుపడినట్లు కాదు.